ఆల్టో టిన్ విజిల్ పాడైతే: తక్కువ ఖర్చులో మరొకటి ఎంచుకోవడం ఎలా

టిన్ విజిల్ అంటే ఐరిష్ సంగీతంలో వాడే, ఆరు రంధ్రాలతో నిలువుగా పట్టుకుని ఊదే గొట్టం. అందులో మామూలు డీ (D) రకం పోతే పెద్దగా దిగులుపడనక్కర్లేదు. క్లార్క్, ఫ్యాడోగ్, జనరేషన్ కంపెనీల విజిళ్లు తక్కువ ధరకే దొరుకుతాయి. ఒకటి బాగా పలక్కపోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఆల్టో విజిల్ సంగతి వేరు. దాన్ని తయారుచేసేవాళ్లు తక్కువ, ధర నాలుగైదు రెట్లు ఎక్కువ, మన ఊళ్లలో దుకాణానికి వెళ్లి ఊది చూసి కొనే అవకాశం దాదాపు లేదు. అందుకే పాతది పోయిన బాధలో తొందరపడి ఆర్డర్ పెట్టేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. కాస్త ఓపిక పట్టి ఒక వరుసలో చూసుకుంటే, ఖరీదైన చేతిపని విజిల్ జోలికి వెళ్లకుండానే ఏళ్ల తరబడి వాడుకోదగ్గ వాయిద్యం దొరుకుతుంది.

ఆల్టో అంటే ఏదో ముందు తేల్చుకుందాం. ఐరిష్ సంగీతంలో అందరూ వాడే చిన్న డీ విజిల్‌కీ, దానికి సరిగ్గా ఒక స్థాయి కింద పలికే లో డీ విజిల్‌కీ మధ్యలో ఉండేవే ఆల్టోలు. ఎక్కువగా వాడేవి మూడు: ఏ (A), జీ (G), ఎఫ్ (F). ఆరు రంధ్రాలూ మూస్తే వచ్చే స్వరమే విజిల్ పేరు. వేళ్ల పని అన్నింటిలోనూ ఒకటే.

మొదటి అడుగు: పాతది నిజంగా పోయిందా?

డబ్బు ఖర్చుపెట్టే ముందు ఇది తప్పకుండా చూడండి. "చెడిపోయింది" అనుకునే విజిళ్లలో చాలావాటికి అసలు జబ్బు గాలి దారిలో ఉంటుంది. మౌత్‌పీస్ కొస నుంచి కిటికీ దాకా, అంటే దాని కింద కోసిన చిన్న తెరుపు దాకా, ఉండే ఆ సన్నటి సందులో ఉమ్మి తడి, దుమ్ము పేరుకుంటే కింది స్వరాలు బొంగురుపోతాయి, పై స్వరాలు కీచుమంటాయి. హెడ్, అంటే మౌత్‌పీస్ ఉన్న పై ముక్క, ఊడదీసి, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపి, ఆ నీళ్లు గాలి దారి గుండా పోనివ్వండి. లోపల పుల్లలు, సూదులు పెట్టి గీకకండి. కిటికీలో గాలి దారికి ఎదురుగా ఉండే పదునైన అంచు మీదే నాదమంతా ఆధారపడి ఉంటుంది. దానికి చిన్న గీత పడినా విజిల్ మళ్లీ పాతలా పలకదు. ఊదుతూ ఉండగా మాటిమాటికీ మూసుకుపోతుంటే, అదే సబ్బునీళ్లు లోపల పట్టించి కడగకుండా ఆరనివ్వండి. తడి బొట్లుగా నిలవకుండా పలచగా పరుచుకుని జారిపోతుంది.

హెడ్‌కీ గొట్టానికీ మధ్య అతుకు వదులైతే గాలి కారుతుంది. కుళాయి పని చేసేవాళ్లు మరల మీద చుట్టే తెల్ల టేపు ఒకటి రెండు చుట్లు చాలు. హెడ్ ఒక్కటే పగిలితే, తయారీదారుకు రాసి హెడ్ మాత్రమే అమ్ముతారేమో అడగండి. కొందరు అమ్ముతారు. అప్పుడు సగం ఖర్చు మిగులుతుంది.

పదునైన అంచు విరిగినా, గొట్టం సొట్టపోయినా, లేదా బస్సులో మర్చిపోయి వచ్చినా ఇక కొత్తదే గతి.

రెండో అడుగు: ఏ శ్రుతి?

పాతది ఏ శ్రుతో గుర్తుంటే అదే తీసుకోవాలనిపిస్తుంది. కానీ మార్చుకోవాలనుకుంటే ఇదే సమయం. మీరు ఎక్కువగా ఏం వాయిస్తారో ఆలోచించండి.

నలుగురితో కూర్చుని ఐరిష్ పాటలు వాయించేవాళ్లకు ఆల్టో ఏ (A) ఎక్కువ పనికొస్తుంది. ఆ గుంపుల్లో డీ, ఏ స్కేళ్ల పాటలు చాలా ఉంటాయి. ఈ విజిల్ మీద ఆరు రంధ్రాలూ మూస్తే ఏ, పై మూడు మాత్రమే మూస్తే డీ వస్తాయి. కాబట్టి ఏ స్కేలు నేరుగానే వస్తుంది, డీ స్కేలులో ఒక్క స్వరానికి మాత్రం అడ్డ వేళ్లు, అంటే పై రంధ్రం తెరిచి కింది వాటిని మూయడం, కావాలి. చేతికి కూడా మూడింట్లో ఇదే తేలిక. గిటార్ పక్కన పాటలకు, నెమ్మదైన గీతాలకు జీ బాగుంటుంది. నాదంలో బరువు ఉంటుంది, జీ, సీ స్కేళ్లు సుఖంగా వస్తాయి. ఎఫ్ చాలా అందంగా పలుకుతుంది, కానీ ఎఫ్, బీ ఫ్లాట్ స్కేళ్లలో మీతో కలిసి వాయించేవాళ్లు దొరకడం కష్టం. ఒక్కటే ఆల్టో కొనే స్తోమత ఉంటే ఎఫ్ తీసుకోమని నేను చెప్పను.

వేణువు నేర్చుకున్నవాళ్లకు ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఆరూ మూసిన స్వరాన్ని షడ్జమం అనుకుంటే విజిల్ మీద సహజంగా వచ్చేది శంకరాభరణం. అప్పుడు ఎఫ్ విజిల్ నాలుగు శ్రుతి, జీ ఐదు, ఏ ఆరు. కానీ మన వేణువులో మొదటి రెండు రంధ్రాలు మూసినది షడ్జమం. ఆ అలవాటుతోనే విజిల్ మీద వేళ్లు పెడితే సహజంగా హరికాంభోజి పలుకుతుంది, శ్రుతి కూడా మారిపోతుంది. ఎఫ్ విజిల్ ఒకటి శ్రుతి అవుతుంది, జీ రెండు, ఏ మూడు. మీ తంబూరా ఏ శ్రుతికి పెడతారో చూసుకుని లెక్క కట్టండి. ఐదు శ్రుతి కావాలని జీ విజిల్ తెప్పించుకుని, వేణువు వేళ్లతో ఊదితే రెండు శ్రుతి వచ్చిందని తెల్లబోకూడదు.

పాత విజిల్ ఇంకా పలుకుతుంటే ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి ఆరూ మూసి ఊదండి. జీ4 అని చూపిస్తే, అంటే 392 హెర్ట్జ్, అది ఆల్టో జీ. ఆల్టో ఏ అయితే 440, ఎఫ్ అయితే 349 దగ్గర ఉంటుంది.

మూడో అడుగు: పేరు చూసి కాదు, పొడవు చూసి కొనండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. "జీ విజిల్" అన్నంత మాత్రాన అది ఆల్టో కాదు. జనరేషన్ కంపెనీ వరుసలో జీ ఉంది, ఎఫ్ ఉంది. కానీ అవి డీ కంటే చిన్నవి, ఇంకా పైన పలికేవి. ఆ వరుసలో అన్నిటికన్నా కింద పలికేది బీ ఫ్లాట్. అమ్మే పేజీలో "జీ, ఇత్తడి" అని మాత్రమే ఉంటే, ధర చూసి సంబరపడి ఆర్డర్ చేస్తే, చెవులు గింగిర్లెత్తించే చిన్న గొట్టం ఇంటికొస్తుంది.

కొలత సులభం. చిన్న జీ జానెడు ఉంటుంది. ఆల్టో జీ దాదాపు మూరెడు. ఆల్టో ఏ అంతకంటే కాస్త పొట్టి, ఎఫ్ కాస్త పొడుగు. పొడవు రాయని అమ్మకందారును సెంటీమీటర్లలో అడిగాకే డబ్బు కట్టండి. "లో జీ", "ఆల్టో జీ" రెండూ ఒకే వాయిద్యానికి పేర్లు, అందులో కంగారేమీ లేదు.

నాలుగో అడుగు: మీ చేతికి అందుతుందా?

పాత ఆల్టో మీద అలవాటైన చేయే అయినా, కొత్త తయారీదారు రంధ్రాలు వేరే చోట పెట్టి ఉండవచ్చు. దీన్ని కొనకముందే ఇంట్లో పరీక్షించుకోవచ్చు. మీ డీ విజిల్ మీద ప్రతి రంధ్రం నుంచి తర్వాతి రంధ్రానికి దూరం కొలవండి. ఆల్టో ఏ కోసం దాన్ని 1.33తో, జీ కోసం 1.5తో, ఎఫ్ కోసం 1.68తో హెచ్చించండి. ఆ దూరాలను ఏదైనా గొట్టం మీద పెన్‌తో గుర్తుపెట్టి, వేళ్లు పరిచి పది నిమిషాలు అలాగే ఉంచి చూడండి. తయారీదారులు కొంచెం అటూ ఇటూ జరుపుతారు, కానీ మీ చేతికి సాధ్యమా కాదా తెలియడానికి ఇది చాలు.

ఎక్కువ ఇబ్బంది పెట్టేది కింది చేతి ఉంగరపు వేలు. అది చాలదనిపిస్తే వేళ్ల కొసలతో కాకుండా మధ్య కణుపుల మెత్తటి భాగంతో మూయండి. బ్యాగ్‌పైపులు వాయించేవాళ్ల పద్ధతి ఇదే, లో డీ వాయించేవాళ్లకు ఇది తప్పదు. ఆల్టో ఏ, జీలకు చాలామంది పెద్దల చేతులకు వేళ్ల కొసలే సరిపోతాయి. పదేళ్ల పిల్లల కోసమైతే జీ వద్దు.

ఐదో అడుగు: డబ్బు ఎక్కడ పెట్టాలి?

తక్కువ బడ్జెట్‌లో అన్నీ దొరకవు. నా మాటల్లో చెప్పాలంటే రెండింటికి మాత్రం డబ్బు వెనకాడకండి: బాగా కోసిన హెడ్, శ్రుతి సవరించుకునే జారుడు అతుకు. మెరుపు, చెక్కుడు, పెట్టె, లోహం రకం, ఇవన్నీ వదులుకోవచ్చు.

హెడ్ సంగతి అర్థమవుతుంది, శబ్దం పుట్టేది అక్కడే. జారుడు అతుకు ఎందుకంత ముఖ్యమో మన వేసవి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గాలి వేడెక్కేకొద్దీ విజిల్ శ్రుతి పైకి పోతుంది, లెక్క ప్రకారం డిగ్రీకి సుమారు 3 సెంట్లు. సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు. యూరప్‌లో చల్లటి గదిలో సరిచూసిన విజిల్‌ను మే నెలలో విజయవాడలో తీస్తే, మీ ఊపిరి వెచ్చదనం ఆ తేడాను కొంత తగ్గించినా, శ్రుతి పెట్టె కంటే పైన పలకడం ఖాయం. అతుకు కొంచెం బయటికి లాగితే సరిపోతుంది. అతుకే లేని ఒకే ముక్క విజిల్ అయితే చేయగలిగింది ఏమీ ఉండదు.

లాగడానికీ ఒక హద్దుంది. ఆల్టో జీని ఒక సెంటీమీటరు లాగితే, ఆరూ మూసిన స్వరం సుమారు 40 సెంట్లు దిగుతుంది. అన్నీ తెరిచిన స్వరం దాదాపు 70 సెంట్లు దిగుతుంది, ఎందుకంటే అక్కడ పలికే గొట్టం పొట్టిది. అంటే స్వరాల మధ్య దూరాలే చెడిపోతాయి. కాబట్టి సవరణ మిల్లీమీటర్లలో ఉండాలి. సెంటీమీటరు పైగా లాగితే తప్ప శ్రుతిలోకి రానంటున్న విజిల్‌ను వద్దనండి.

ఇక పదార్థం. ప్లాస్టిక్, పాలిమర్ విజిళ్లు చవక, తుప్పు పట్టవు, చలిలో పెదవికి చురుక్కుమనవు. ఎండలో ఉంచిన కారులో వదిలేస్తే మాత్రం వంగిపోవచ్చు. అల్యూమినియం తేలిక, గట్టిది. ఇత్తడి బరువు, ఆల్టో సైజులో ఆ బరువు బొటనవేళ్లకు తెలుస్తుంది. నాదాన్ని గోడ పదార్థం కంటే లోపలి వ్యాసం, కిటికీ ఆకారం ఎక్కువగా నిర్ణయిస్తాయి. గొట్టం లావైతే కింది స్వరాలు బలంగా ఉంటాయి, ఊపిరి ఎక్కువ తీసుకుంటుంది, పై స్థాయికి ఎక్కడం కాస్త బరువవుతుంది. సన్నదైతే పై స్థాయి తేలిక, కింద పలుచన. ఊపిరి తక్కువ అనుకునేవాళ్లు సన్నదాని వైపు మొగ్గండి.

ఆరో అడుగు: ఎవరి విజిళ్లు?

చవకలో ముందు చూడాల్సిన పేరు ఇంగ్లండ్‌లోని టోనీ డిక్సన్. పాలిమర్‌తో చేసిన వీరి విజిళ్లు మెత్తగా, గాలి శబ్దం కాస్త కలిసినట్టు పలుకుతాయి, ఇంట్లో సాధనకు హాయిగా ఉంటాయి. అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి వచ్చే సుసాటో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏబీఎస్ ప్లాస్టిక్, స్పష్టమైన గట్టి నాదం, చాలా శ్రుతుల్లో దొరుకుతాయి. పదిమంది మధ్య వినపడాలంటే సుసాటో, అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిది దాటాక ఊదుకోవాలంటే డిక్సన్. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే డిక్సన్ అంటాను, ఎందుకంటే ఆల్టో అందమంతా ఆ మెత్తదనంలోనే ఉంది.

కొంచెం పైకి వెళ్తే ఫిల్ హార్డీ తయారుచేసే కెర్రీ, చీఫ్టెన్ అల్యూమినియం విజిళ్లు ఉన్నాయి. జర్మనీలోని కోలిన్ గోల్డీ, గ్లాస్గోలోని ఎంకే వంటివారివి అద్భుతమైనవే కానీ మన బడ్జెట్‌లోకి రావు.

గోల్డీ కొనసాగిస్తున్నది ఓవర్టన్ విజిళ్ల పరంపర. దాని పుట్టుక కూడా పోయిన వాయిద్యానికి బదులు వెతకడంలోనే ఉంది. 1971లో ఐరిష్ వాద్యకారుడు ఫిన్‌బార్ ఫ్యూరీ దగ్గర ఉన్న భారతీయ వెదురు విజిల్ పాడైపోయింది. ఇంగ్లండ్‌లో బెర్నార్డ్ ఓవర్టన్ దాన్ని బాగుచేయబోయి, కుదరక, లోహంతో అలాంటిదే చేశారు. ఆ ప్రయత్నాల్లోంచే అల్యూమినియం లో డీ పుట్టింది. ఈ రోజు మనం కొనే పెద్ద విజిళ్లన్నీ ఒక రకంగా మన వెదురుకు బదులుగా వచ్చినవే.

ఏడో అడుగు: విని తేల్చుకోవడం

దుకాణంలో ఊది చూడగలిగితే అదృష్టం. డబ్లిన్‌లోనో లండన్‌లోనో ఉన్న మనవాళ్లకు ఆ అవకాశం ఉంది, వాడుకోండి. మిగిలినవాళ్లు అమ్మేవాళ్లను ఒక రికార్డింగ్ అడగాలి: రెండు స్థాయిల్లోనూ స్వరాలు నెమ్మదిగా, ప్రతిధ్వని ఎఫెక్ట్ ఏదీ కలపకుండా. వేగంగా వాయించిన పాట అందంగా ఉంటుంది కానీ ఏ లోపాన్నీ చూపించదు. ఎఫెక్ట్ కలిపితే ఏ గొట్టమైనా తీయగానే వినిపిస్తుంది.

మీ చేతిలో ఉన్నా, రికార్డింగ్‌లో విన్నా, మొదట ఆరూ మూసిన స్వరం. దాన్ని మెల్లగా మొదలుపెట్టి కొంచెం కొంచెం ఊపిరి పెంచాలి. పై స్థాయికి వెంటనే ఎగిరిపోకుండా కాసేపు నిలబడాలి. తర్వాత అదే వేళ్లతో పై స్థాయికి ఊదాలి. ఇక్కడ ట్యూనర్ చూడండి. కింద సరిగ్గా ఉండి పైన శ్రుతి దిగిపోతే, పై స్వరాలను శ్రుతిలో ఉంచడానికి మీరు జీవితాంతం గట్టిగా ఊదాల్సి ఉంటుంది. పది సెంట్ల తేడా ఊపిరితో సరిచేసుకోవచ్చు, పాతిక దాటితే వద్దు.

వేణువు వాయించేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి. వేణువులో స్వరం కొంచెం అటూ ఇటూ అయితే పెదవి తిప్పి సరిచేస్తాం. విజిల్‌లో గాలి దారి బిగించి ఉంటుంది, పెదవికి అక్కడ పనే లేదు. గమకం పలికించాలన్నా వేళ్లు, ఊపిరి మాత్రమే దిక్కు. వాయిద్యం తనంతట తాను శ్రుతిలో ఉండాలి.

తర్వాత రెండో స్థాయిలో చివరి రెండు స్వరాలు. కీచుమనకుండా, ముఖం ఎర్రబడకుండా రావాలి. ఆ తర్వాత మొదటి రంధ్రం తెరిచి, రెండు, మూడు మూసి, మిగతావి తెరిచి ఊదండి. జీ విజిల్ మీద ఇది శుద్ధమైన ఎఫ్, మన లెక్కలో కైశికి నిషాదం. ఇది మరీ పైకి పోతే కింది రంధ్రాల్లో ఒకటి రెండు మూసి దించుకోవచ్చు. ముందే మరీ కిందకు ఉంటే పెద్దగా చేసేదేమీ లేదు. చివరగా వేళ్లు చకచకా ఎత్తి దించి చూడండి. స్వరం వెంటనే తెగాలి, సాగకూడదు.

సెకండ్ హ్యాండ్ అయితే కిటికీని నేరుగా పైనుంచి తీసిన దగ్గరి ఫోటో అడగండి. పదునైన అంచు తిన్నగా, గీతలు లేకుండా ఉండాలి. గొట్టం మీద గీతలు, మరకలు పట్టించుకోనక్కర్లేదు. వాటి వల్ల ధర తగ్గితే మనకే లాభం.

ఎనిమిదో అడుగు: ఇంటికి చేరేసరికి ఎంత?

విదేశం నుంచి తెప్పిస్తే విజిల్ ధర మీద షిప్పింగ్, కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ, కొరియర్ వాళ్ల ఛార్జీ కలుస్తాయి. చవక విజిల్‌కు ఈ అదనాలే అసలు ధరను మించే ప్రమాదం ఉంది. కాబట్టి మొత్తం లెక్క కట్టాకే ఏది చవకో నిర్ణయించండి. ఇంగ్లండ్ నుంచో అమెరికా నుంచో బంధువులు వస్తుంటే వాళ్ల అడ్రస్‌కు పంపించుకోవడం అన్నిటికన్నా మేలు. అతుకు ఉన్న ఆల్టో రెండు ముక్కలుగా ఊడుతుంది, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టవచ్చు. హెడ్‌ను సాక్సులో చుట్టమని మాత్రం చెప్పండి.

మరీ తక్కువలో కావాలంటే

పీవీసీ గొట్టంతో స్వయంగా చేసుకోవచ్చు. ఇటలీకి చెందిన గైడో గొంజాటో ఇలాంటి విజిళ్ల కొలతలు, పద్ధతి అందరికీ ఉచితంగా పెట్టారు. రంపం, ఆకురాయి, డ్రిల్ ఉంటే చాలు. రంధ్రాలు ముందు చిన్నగా వేసి, ట్యూనర్ చూస్తూ పెంచాలి. పెంచితే శ్రుతి పెరుగుతుంది, ఎక్కువైతే తిరిగి తగ్గించడం కష్టం. మొదటిది బాగా పలక్కపోవచ్చు, గొట్టం ధర తక్కువ కాబట్టి ఇంకొకటి చేయండి. ఒక్క జాగ్రత్త: పీవీసీ గొట్టాల్లో సీసం కలిపే అలవాటు మన దేశంలో చాలాకాలం ఉంది, దాన్ని తొలగించడానికి 2021లో నిబంధనలు వచ్చాయి. నోట్లో పెట్టుకునేది కాబట్టి లెడ్ ఫ్రీ అని ముద్రించిన కొత్త గొట్టమే తీసుకోండి. ఇంట్లో పడి ఉన్న పాత ముక్క వద్దు. కోసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

వచ్చాక మొదటి వారం

పెట్టె పారేయకండి. వాపసు గడువు ఎన్నాళ్లో చూసుకుని, ఆలోపే పైన చెప్పిన పరీక్షలన్నీ చేయండి. అయితే మొదటి రోజే తీర్పు చెప్పకండి. ప్రతి విజిల్‌కూ తనదైన ఊపిరి బలం ఉంటుంది. పాతదానికి అలవాటైన ఊపిరితో కొత్తది ఊదితే అది గరగరమనడం సహజం. రోజూ పావుగంట నిడుపు స్వరాలు మాత్రమే ఊదండి, ట్యూనర్ చూడకుండా తంబూరా యాప్ పెట్టుకుని. మూడు నాలుగు రోజుల్లో ఊపిరి సర్దుకుంటుంది. అప్పుడు ట్యూనర్ తీసి ప్రతి స్వరం ఎన్ని సెంట్లు అటూ ఇటూ ఉందో రాసుకోండి. అన్నీ ఒకే వైపు ఉంటే అతుకు జరపండి. ఒకటి రెండు మాత్రమే పైకి ఉంటే ఆ రంధ్రం పై అంచున, అంటే మౌత్‌పీస్ వైపు, చిన్న టేపు ముక్క అంటించి దించుకోవచ్చు. ఇవేవీ కుదరక, ఆరూ మూసిన స్వరం ఇంకా తడబడుతూనే ఉంటే, గడువు ముగిసేలోపు వెనక్కి పంపేయండి.